కట్టె నాకే సారు

మొన్న మంచం చేయించుకుందామని వడ్రంగి దగ్గరికి పోయాను. అతను నాలుగు మంచం కోళ్లు తెచ్చి నా ముందర పడేసి, "అసలైన టేకు పెద్దాయనా, కండ్లకద్దుకో" అన్నాడు. నేను కళ్లకద్దుకోలేదు. ఒక కోడు అందుకుని, చివర గోటితో గీకి, వాసన చూసి, నాలుక చాపి ఒక్కసారి నాకాను. వడ్రంగి నోరు వెళ్లబెట్టాడు. పక్కనే ఉన్న నా భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "మల్ల మొదలువెట్టిండు" అని గొణిగింది.

"ఇది టేకు కాదు, వేప" అన్నాను.

"ఏంది పెద్దాయనా, ఫారెస్టు ఆఫీసుల పనిచేసినవా?"

"బొగ్గుబాయి మీద పనిచేసిన. ఒక సారు నేర్పిండు."

మంచం సంగతి అక్కడితో చెడింది. ఇంటికొచ్చేదాకా నాకు సారే కళ్ల ముందు మెదిలాడు. ఆయన పోయి చాలా కాలమైంది. పోయిన రోజున నేను ఊళ్లో లేను. చివరి చూపు దక్కలేదన్న బాధ నాకు ఇంకా ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ మేమంతా కలిసి ఆయన్ని ఎంత ఆటపట్టించామో తలుచుకుంటే మాత్రం ఈ వయసులోనూ నవ్వొస్తుంది.

గోదావరిఖనిలో మా బాయి టింబర్ యార్డులో నేను గుమాస్తాని. అడవి నుంచి లారీల్లో కట్టె వస్తుంది. గని లోపల కప్పు కూలకుండా కింద నిలబెట్టే గుంజలవి. లెక్క చూసుకుని, పట్టాల మీది టబ్బులకెత్తి లోపలికి పంపించడం నా పని. అరవైల మధ్యలో ఒకరోజు ఆఫీసు నుంచి చీటీ పట్టుకుని ఒక సన్నటి మనిషి వచ్చాడు. కింద గళ్ల లుంగీ, పైన నల్ల కోటు, కాళ్లకు కాన్వాసు బూట్లు. లుంగీ ముడి బొడ్డు ముందర ఉండలా వేలాడుతోంది. "నన్ను ఇక్కడ చెకింగుకి వేసారండీ" అన్నాడు. మా యార్డులో అంతకుముందు 'అండీ' అన్నవాడు లేడు. హమాలీలు వారం రోజులు ఒకరినొకరు 'అండీ' అని పిలుచుకుని నవ్వుకున్నారు.

ఆయన రంగూన్ నుంచి వచ్చాడు. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బర్మా పోయారట. అక్కడే పుట్టి, అక్కడే చదివి, అక్కడే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాడట. ప్రభుత్వం మారి, మనవాళ్లందరినీ వెళ్లిపొమ్మంటే ఓడెక్కి వచ్చాడు. రేవులో పెట్టె తెరిపించి సర్టిఫికెట్లు తీసుకున్నారు, ఇరవై ఏళ్లు కష్టపడి అంటించుకున్న ఎండుటాకుల అట్టలు తీసుకున్నారు. "సర్టిఫికెట్లు తీసుకున్నారంటే అర్థముంది. ఎండుటాకులు వాళ్లకెందుకండీ, చారు పెట్టుకోడానికా?" అని ఆయన అడిగేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే చోట ఆగి, మన మొహంలోకి చూసి, జవాబు కోసం నిజంగానే ఎదురుచూసేవాడు.

ఇక్కడ కాందిశీకుల క్యాంపులో ఎవరో ఆయన చేత ఫారం నింపించారు. 'తెలిసిన పని' అన్న గడిలో ఆయన వృక్షశాస్త్రం అని రాశాడు. మా ఆఫీసులో దాన్ని చదివిన బాబు, వృక్షం అంటే చెట్టే కదా, చెట్టంటే కట్టె కదా అనుకుని టింబర్ యార్డుకి పంపించాడు. మా ఆఫీసు చేసిన పనుల్లో ఇంత తెలివైనది నేను మరొకటి చూడలేదు. అదీ తెలియక చేసిందే.

కాలేజీలో చెప్పానని ఆయన అంటే మా బాయి మీద నమ్మినవాడు ఒక్కడు లేడు. నేనూ నమ్మలేదు. రంగూన్ నుంచి వచ్చిన ప్రతివాడూ అక్కడ తనకు మేడ ఉండేదనీ మోటారు ఉండేదనీ చెప్పేవాడు. ఈయన కాలేజీ ఉండేదంటున్నాడు, అంతే తేడా అనుకున్నాం. "సారు" అని మేం పిలిచింది మొదట్లో వెక్కిరింతకే. ఆయనకు అది తెలుసు. తెలిసీ పలికేవాడు.

గడ్డిపరక కనబడితే ఆయన నడక ఆగిపోయేది. షిఫ్టు కూత కూసినా సరే, మురికికాలవ పక్కన గొంతుకూర్చుని, మొక్కని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దారిన పోయేవాళ్లని "దీన్ని మీ ఇంట్లో ఏమంటారండీ?" అని అడిగేవాడు. చెబితే ఒక చీటీ మీద రాసుకునేవాడు. తెలియదంటే వాళ్లకి చదువు రాలేదన్నంత జాలిగా చూసేవాడు. ఆకులు ఆరబెట్టడానికి అట్టలు లేవు కాబట్టి అన్నం డబ్బా అడుగు గిన్నెలో అరటాకు మడతల మధ్య దాచేవాడు. ఒకరోజు నేను ఆకలి మీదుండి, వాళ్లావిడ చేసిన ఏదో ఆకుకూర పచ్చడేమోననుకుని ఆ మడతలో ఉన్నదాన్ని అన్నంలో కలుపుకుని తినేశాను. ఆయన చూసి గుండె పట్టుకున్నాడు.

"విషమా సారూ?" అన్నాను, చెమటలు పడుతుంటే.

"విషం కాదు లెండి. కానీ అది ఒక్కటే దొరికిందండీ" అన్నాడు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

స్థానికులు, బయటివాళ్లు అని ఊళ్లలో గొడవలు నడిచిన రోజుల్లో, మా యార్డుకి కొందరు కుర్రవాళ్లు వచ్చి "నువ్వెక్కడోనివి?" అని ఆయన్ని నిలదీశారు. ఆయన కంచె పక్కన కొత్తగా గుబురుగా లేచిన వయ్యారిభామ మొక్కని చూపించాడు. "ఇదీ నాలాగే ఓడెక్కి వచ్చిందండీ. గోధుమల్లో దాక్కుని వచ్చింది. దీన్ని ఎవరూ కాయితాలు అడగలేదు, క్యాంపులో పెట్టలేదు. మీ ఊరంతా ఆక్రమించేసింది. ముందు దీని సంగతి చూడండి, నేను ఎక్కడికీ పోను" అన్నాడు. వచ్చినవాళ్లు నవ్వాపుకోలేక బీడీలు అడుక్కుని వెళ్లిపోయారు. ఆయనకు బీడీల అలవాటు లేదు, నావి ఇచ్చాడు.

ఇక నాకడం సంగతి. లారీ ఆగగానే సారు కోటు జేబులోంచి చిన్న కత్తి తీసేవాడు. గుంజ చివర ఒక పెచ్చు లేపి, వాసన చూసి, కళ్లు మూసుకుని నాకేవాడు. తర్వాత "నల్లమద్ది", "టేకు", "తునికి" అని సుద్దముక్కతో గుర్తు వేసేవాడు. మధ్యలో పుక్కిలించడానికి చెంబుతో నీళ్లు పెట్టుకునేవాడు. ఈ తతంగం చూడ్డానికి షిఫ్టు దిగిన కార్మికులు ఇంటికి పోకుండా ఆగేవాళ్లు. అందరికంటే ముందుండేది మా అన్న. వాడు లోపల గుంజలు నిలబెట్టే గ్యాంగులో పెద్ద.

"సారూ, కట్టె రుచి మంచిగున్నదా? జర ఉప్పు తక్కువైందా?" అనేవాడు.

"మీరు నవ్వండి అన్నగారూ. మీ నెత్తి మీద కప్పుని మోసేది నేను నాకినదే కదా" అనేవాడు సారు.

మా అన్న వెటకారంలోనూ ఒక నిజం ఉండేది. గుంజల గురించి గని కార్మికులకు వాళ్ల చదువు వాళ్లకుంది. ఒకసారి సారుకి వాడే చెప్పాడు. "మద్ది కట్టె మాట్లాడుతది సారూ. కప్పు బరువు మీద పడ్డదనుకో, కిర్రుకిర్రుమని మొత్తుకుంటది. గది ఇనంగనే మేం ఉరుకుతం. అందుగు కట్టె, గా సాంబ్రాణి బంక కారేది, మూగది. ఏమనది. టక్కున ఇరుగుతది, మనిషిని ఉరకనియ్యది."

"మరి అందుగుని మీరు గుర్తుపట్టలేరా?"

"చెట్టు మీదుంటె చిన్న పిల్లగాడు గుర్తువడతడు. తోలు ఒలిచి, నానవెట్టి, తారు పూసి తెస్తె ఎవనికెరుక?"

ఆ మాట విన్నాక సారు నాకడం రెట్టింపైంది.

కట్టె సప్లయి చేసే కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన మాకు కనబడేవాడు కాదు, ఆయన మున్షీ మాత్రం రోజూ వచ్చేవాడు. అత్తరు పూసుకుని, చేతిలో గొడుగుతో, నవ్వు మొహంతో ఉండేవాడు. అతను తెచ్చిన మొదటి సరుకులో గుంజలన్నీ నున్నగా ఒలిచి ఉన్నాయి, చివర్లన్నిటికీ తారు పూసి ఉంది. "చెదలు పట్టకుండ పూసినం" అన్నాడు మున్షీ. సారు తారు కింద కత్తి దింపి, పెచ్చు లేపి నాకాడు. మూతి నల్లగా అయింది. ఇంకో గుంజ, ఇంకో గుంజ. చివరికి చెంబెడు నీళ్లు పుక్కిలించి, "అన్నీ అందుగేనండీ. ఒక్కటి కూడా దించనివ్వను" అన్నాడు.

మూడు రోజులు సరుకు లారీల్లోనే ఉంది. లోపల గుంజలకు కటకట మొదలైంది. మున్షీ పోయి మేనేజరు దొరకి మొరపెట్టుకున్నాడు. "నేను మద్ది అంటున్న, ఆయన అందుగు అంటున్నడు. సాక్ష్యమేంది దొరా? ఆయన నాలుకనా?"

మా దొర చెడ్డవాడు కాదు, కాస్త తమాషా మనిషి. "సరే, నాలుకనే పరీక్ష పెడదాం" అన్నాడు. ఆదివారం యార్డులో పది ముక్కలు పెడతారు. సారు కళ్లకు గంతలు కట్టుకుని అన్నీ చెప్పగలిగితే సరుకు వాపసు పోతుంది. ఒక్కటి తప్పినా సోమవారం పొద్దుటి షిఫ్టుకి ఆ గుంజలు లోపలికి దిగుతాయి. ఆ షిఫ్టులో వాటి కింద మొదట నిలబడేది మా అన్న గ్యాంగు.

ఆదివారం కాలనీ కాలనీ అంతా యార్డులోనే ఉంది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు కూడా వచ్చారు. మా అన్న తన తువ్వాలతో సారు కళ్లకు గంతలు కట్టాడు. టేకు వచ్చింది, చెప్పాడు. మద్ది, చెప్పాడు. తునికి, ఇప్ప, తుమ్మ, అన్నీ చెప్పాడు. ఆరో ముక్క దగ్గర మా అన్న నాకు కన్నుగీటాడు. ఆ ముక్కని సారు నోట్లో పెట్టుకుని ఒక నిమిషం చప్పరించాడు.

"టేకేనండీ. కానీ దీని మీద పసుపుంది, కందిపప్పుంది, ఉప్పు కాస్త ఎక్కువైంది. ఇది మా ఇంటి పప్పుగుత్తి. పొద్దుట్నుంచి మా ఆవిడ ఇల్లంతా వెతుకుతోంది, దయచేసి ఇచ్చెయ్యండి" అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. దొర కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది కూడా అయిపోయాయి. మున్షీ అత్తరు వాసన చెమటలో కొట్టుకుపోయింది. పదోది దొర బంగళా నుంచి వచ్చింది, ఒక పాత కుర్చీ విరిగిన చెయ్యి. సారు దాన్ని నాలుకకు ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. మళ్లీ ఆనించలేదు. రెండు చేతులతో ఒడిలో పెట్టుకుని వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

"చెప్పండి" అన్నాడు దొర.

సారు ముక్కని కింద పెట్టాడు. "తెలీదండీ" అన్నాడు.

మున్షీ గొడుగు ఎగరేశాడు. జనం ఉసూరుమంటూ ఇళ్లకు పోయారు. మా అన్న కూడా తువ్వాల దులుపుకుని, "పాయె, కట్టె నాకుడు ఒడిసింది" అని నవ్వేశాడు.

సాయంత్రం నేను సారు క్వార్టరుకి పోయాను. గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"తెలీకపోవడమేటండీ గుమాస్తాగారూ! అది బర్మా టేకు. మా కాలేజీలో బల్లలన్నీ అదే. నోట్లో పెట్టుకోగానే నా క్లాసు, నా పిల్లలు, కిటికీలోంచి కొట్టే వాన జల్లు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయండీ. నోరు తెరిస్తే ఏడుపే వచ్చేలా ఉంది. అంతమందిలో ఏడవడం ఎందుకని తెలీదనేశాను. తర్వాత దొరగారి బంగళాకి పరుగెత్తి చెప్పుకున్నాను. ఓడిపోయాక అందరికీ అన్నీ గుర్తొస్తాయని నవ్వి పంపేశారు." ఆయన కోటు అంచు నలుపుతూ నిలబడ్డాడు. "నా సిగ్గు దాచుకోడానికి మీ అన్నగారిని ఆ కట్టెల కిందకి పంపిస్తున్నానండీ."

నిజం చెబితే, కాలేజీ మాట నేను అప్పుడూ పూర్తిగా నమ్మలేదు. కానీ ఆయన ఏడుస్తున్నాడు. లోపలికి దిగేది మా అన్న. నేరుగా అన్న ఇంటికి పోయి, విన్నది విన్నట్టు చెప్పాను. వాడు అన్నం కలుపుతున్నవాడల్లా చెయ్యి ఆపాడు. "రేపు చూస్తం తియ్యి తమ్మీ" అని మళ్లీ కలుపుకున్నాడు.

సోమవారం పొద్దున ఏడింటికి బాయి నోటి దగ్గర టబ్బుల్లో తారు గుంజలు సిద్ధంగా ఉన్నాయి. మున్షీ నవ్వుతూ నిలబడ్డాడు. మా అన్న గ్యాంగు వచ్చింది. అన్న ఒక గుంజని కిందికి దొర్లించి, బాడిసతో తారు చెక్కి, వంగి నాకాడు.

"థూ! సాంబ్రాణి నాకినట్టున్నది. మద్దికి వగరుండాలె."

వెనకవాడు ఇంకోటి దొర్లించాడు. "నా దాంట్ల గూడ వగరు లేదన్నా. నాలుకకు అతుక్కుంటున్నది."

అంతే, వరస మొదలైంది. నెత్తిన టోపీ, నడుముకు దీపం బ్యాటరీ కట్టుకున్న నలభై మంది ఆడుతూ పాడుతూ గుంజలు నాకడం మొదలుపెట్టారు. ఒకడు నాకడం, ఉమ్మడం, "అందుగే!" అని అరవడం. మున్షీ "పాగల్ గాళ్లు, పాగల్ గాళ్లు" అని గంతులేశాడు. గొడవ తెలిసి దొర జీపు వచ్చింది. దాని వెనకే సారు పరుగున వచ్చాడు, కోటు లేకుండా, లుంగీ పైకి పట్టుకుని.

వచ్చినవాడు ఆ వరస చూసి నిలబడిపోయాడు. తర్వాత ఒక్కసారిగా, ఆయన గొంతేనా అనిపించేంత గట్టిగా, "అలాగ కాదండీ!" అని అరిచాడు. "నాలుక కొసతో కాదు, పక్కతో! వగరు పక్కనే తెలుస్తుంది. పై పెచ్చు తీసెయ్యండి, లోపలి పెచ్చు చూడండి. తొందరేటి? ఉమ్మేసి, పుక్కిలించి, అప్పుడు రెండోది!" వరస ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, యార్డు నుంచి తెప్పించిన పాత మద్ది ముక్క ఒకటి, ఈ కొత్తది ఒకటి ఇచ్చి తేడా చెప్పించాడు. చెప్పలేనివాణ్ణి మళ్లీ నాకించాడు. చివర దొర నిలబడి ఉన్నాడు. సారు ఆయనకూ రెండు ముక్కలు అందించాడు. దొర అటూ ఇటూ చూసి, గత్యంతరం లేక, నాకాడు. నాలుక నల్లగా అయింది.

దొర రుమాలు తీసి తుడుచుకుంటూ, "సరుకు వాపస్" అన్నాడు. యార్డులో అడుగున మిగిలిన కొద్దిపాటి పాత మద్ది గుంజలు ఆ పూటకి ఎత్తమని నాకు చెప్పి, జీపెక్కి పోయాడు. మున్షీ గొడుగు అక్కడే మరిచిపోయి లారీల వెంట పరుగెత్తాడు.

ఇనుప గుంజలు వచ్చేదాకా మా బాయిలో అదే అలవాటైంది. గోలేటికో రామకృష్ణాపూర్‌కో బదిలీ అయి పోయినవాళ్లు అక్కడా కట్టె నాకి, కొత్తవాళ్ల చేత నవ్వించుకున్నారు. సారు రాసుకున్న చీటీలు ఏమయ్యాయో నాకు తెలియదు. ఈ ఒక్క పాఠం మాత్రం అంతమంది నోళ్లలో మిగిలింది.

ఆ పొద్దున గుంజలు మార్చి ఎత్తేసరికి షిఫ్టు రెండు గంటలు ఆలస్యమైంది. దిగబోతూ మా అన్న ఆగాడు. వాడి నోరు ఊరికే ఉండదు కదా. "సారూ, పాఠమైతె చెప్పినవ్. కాలేజీల హాజరు పిలుస్తరంట గద, మరి మాది పిలువవా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. హాజరీ గుమాస్తా చేతిలోని మస్టరు తీసుకున్నాడు, కళ్లజోడు సర్దుకున్నాడు, మొదటి పేరు పిలిచాడు. "హాజర్ సారూ" అని జవాబు వచ్చింది. రెండో పేరు, మూడో పేరు. మూడోది మా అన్నది. "హాజర్ సారూ." నవ్వులు తగ్గిపోయాయి. ఒక్కొక్క పేరూ పిలవడం, ఒక్కొక్క మనిషీ పలకడం, అంతే వినబడుతోంది. దీపాలు కట్టుకున్న ఆ మనుషులు ఎప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డారో నేను గమనించలేదు.

పద్దెనిమిదో పేరుగల మనిషి ఆ రోజు రాలేదు. తాగి ఒళ్లు తెలియకుండా ఇంట్లో పడి ఉన్నాడని గ్యాంగులో అందరికీ తెలుసు. వాడి హాజరు పోకుండా మా అన్న ఎప్పుడూ చేసే పనే చేశాడు. ముందరివాడి వీపు వెనక తల దించుకుని, గొంతు మార్చి, ముక్కుతో "హాజర్ సారూ" అన్నాడు. హాజరీ గుమాస్తా ఏళ్ల తరబడి ఆ గొంతుని పట్టుకోలేకపోయాడు.

సారు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పెన్సిలు మాత్రం ఆగింది.

"ఈ గొంతు మూడో నంబరులో ఒకసారి పలికిందండీ" అన్నాడు.

ఆ క్షణంలో నేను నమ్మాను. రంగూన్‌లో కాలేజీ ఉంది, అందులో ఈయన క్లాసు ఉంది, దొంగ హాజరు పలికే పిల్లలున్నారు, ఇరవై ఏళ్లు ఈయన వాళ్లని ఇలాగే తల ఎత్తకుండా పట్టుకున్నాడు. నా ఒక్కడికే కాదు, అక్కడున్న అందరికీ అది అర్థమైంది. ఎవరూ నవ్వలేదు.

మా అన్న వరసలోంచి బయటికి వచ్చాడు. నెత్తి మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. జీవితంలో ఏ బడి గడపా తొక్కనివాడు, సారు ముందర తల దించుకుని నిలబడి, "తప్పయింది సారూ" అన్నాడు.